ఇరవై అంగుళాల గట్టు

మా వంటింటి గట్టు ఎత్తు ముప్పై మూడు అంగుళాలు. పద్నాలుగేళ్ల క్రితం నవంబరులో వేయించాం. నల్ల గ్రానైటు, ముప్పాతిక అంగుళం మందం, తొమ్మిదడుగుల నాలుగంగుళాల పొడవు, రెండడుగుల వెడల్పు. కింద కడపరాయి బల్లలు. ఆ రోజు టేపు పట్టుకుని మేస్త్రి పక్కన నిలబడింది నేనే. ముప్పై ఏళ్లు కాలువల శాఖ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేశాను. కొలత రాసుకోకుండా ఏ పనీ జరగనివ్వను.

అయితే ఆ గట్టు దగ్గర నిలబడి వండింది మా అక్క. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, మావారి అన్నగారి భార్య, నా తోటికోడలు. ఇద్దరి భర్తలూ పోయాక విజయవాడలో ఈ ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. ఆవిడకి డెబ్బై ఎనిమిది, నాకు డెబ్బై నాలుగు. నేను కూరలు తరగడం, ఆవిడ వండడం నేను ఆఫీసుకు వెళ్లే రోజులనుంచీ ఉన్న పద్ధతి. నా చేతి పప్పు ఇంట్లో ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

జూన్ పంతొమ్మిది, గురువారం, అక్క స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, ఐదు నిమిషాలకు మించి నిలబడకూడదనీ, నేలమీద అసలు కూర్చోకూడదనీ డాక్టరు చెప్పాడు. చక్రాల కుర్చీ వచ్చింది. వంటకు ఒకామెను పెట్టుకున్నాం. ఆమె వంట బాగుంటుంది. అక్క కూడా ప్రతి పూటా బాగుందనే అనేది. అంటూనే మూడు ఇడ్లీలు తినే మనిషి రెండుకు వచ్చింది, ఆగస్టుకల్లా ఒకటిన్నరకు.

ఒకరోజు పొయ్యి పక్కన మేకు ఖాళీగా కనిపించింది. దానికి అక్క గరిటె వేలాడుతూ ఉండాలి. కర్రపిడి ఉన్న ఇత్తడి గరిటె, పిడితో కలిపి పదిహేను అంగుళాలు. వంటామె తీసిందేమో అనుకున్నాను. మధ్యాహ్నం అక్క మంచం కింద నీలం బ్యాగు చూశాక అర్థమైంది. బ్యాగు సగం సర్ది ఉంది.

"దసరా వెళ్లాక పామర్రు పోతానే," అంది అక్క. "తమ్ముడు రమ్మంటున్నాడు."

"అక్కడ ఏం చేస్తావ్?"

"ఇక్కడ ఏం చేస్తున్నా? ఈ కుర్చీకి తోడుగా కూర్చుంటున్నా."

ఆ రాత్రి నిద్రపట్టక ఒక లెక్క వేసుకున్నాను. ఆవిడ లేవలేకపోతే గట్టే కిందికి రావాలి.

మర్నాడు అక్క కుర్చీలోనే కునుకు తీస్తుంటే టేపు తీసుకుని మెల్లగా కొలిచాను. కుర్చీ ఎత్తు పద్దెనిమిది, మోకాళ్లు ఇరవై మూడు, మోచెయ్యి ఇరవై ఏడు. గ్రాఫు కాగితం మీద బొమ్మ గీశాను. గట్టులో మూడడుగుల ముక్క కోసి, ఇరవై ఏడు అంగుళాల ఎత్తున మళ్లీ కూర్చోబెట్టాలి. మోకాళ్లు కిందికి పోతాయి, మోచెయ్యి రాయికి సమానంగా ఉంటుంది. గ్యాసు పొయ్యి సిలిండరు కంటే ఎత్తులోనే ఉండాలి కాబట్టి, దించిన గట్టు మీదికి కరెంటు పొయ్యి అని పక్కన రాసుకున్నాను. ఎక్కడా తప్పు కనిపించలేదు.

మొదట పిలిచిన ఇద్దరు గ్రానైటు వాళ్లూ కాదన్నారు. "బిగిసిన రాయిని కదిపితే పగులుద్దండీ, మొత్తం పీకేసి కొత్తది వేయించుకోండి" అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. చివరికి, పద్నాలుగేళ్ల క్రితం ఈ గట్టు వేసిన వన్‌టౌన్ సాయిబు గారి నంబరు పాత డైరీలో దొరికింది. సెప్టెంబరు పదమూడు, శనివారం, ఆటోలో వచ్చాడు. గడ్డం తెల్లబడింది. గట్టును అరచేత్తో రాసి చూసి నవ్వాడు.

"మీరేగదండీ ఆ రోజు పావంగుళం తేడా ఉందని నన్ను మళ్లీ వేయించింది?"

"పావు కాదు, పావుకి కొంచెం ఎక్కువే," అన్నాను.

నా కాగితం చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. "ఇంజనీర్లు కూడా ఇంత నీటుగా గీయరండీ. ఇంతకీ కూర్చుని వండేది ఎవరు?"

"మా అక్క. పక్కగదిలో ఉంది."

"ఆవిడ చూశారా ఇది?"

చూడలేదని చెప్పాల్సి వచ్చింది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

పిలిస్తే వచ్చింది కానీ, అక్క కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నా కోసం రాయి కొయ్యొద్దు బాబూ. నేను పోయేదాన్ని."

"ఎక్కడికండీ?"

"పామర్రు. దసరా వెళ్లాక."

"ఇవాళ పదమూడేగదండీ. దసరా దాకా చాలా టైముంది. నాకు పావుగంట చాలు."

అక్కకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. సాయిబు గారు ఆటోలోంచి ఇటుకలు, ఒక మందపాటి చెక్క తెచ్చాడు. ఎనిమిది ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క, చెక్క మీద రెండు టైలు ముక్కలు పెట్టి, సరిగ్గా ఇరవై ఏడు అంగుళాలు చేశాడు. దాని మీద పక్కింటినుంచి అడిగి తెచ్చిన కరెంటు పొయ్యి, పొయ్యి మీద మేం రోజూ పప్పు వండే స్టీలు గిన్నె పెట్టాడు. "కలపండమ్మా" అని వంటామె గరిటె ఒకటి అక్క చేతికిచ్చాడు.

అక్క ఖాళీ గిన్నెలో గరిటె తిప్పింది. మోచెయ్యి భుజం దాకా లేచింది. గడ్డం పైకెత్తినా గిన్నె అడుగు కనపడలేదు.

"గోడ మీంచి పక్కింట్లోకి తొంగిచూస్తున్నట్టుందే!" అంది నావైపు చూసి.

సాయిబు గారు నా కాగితాన్ని మెల్లగా మడిచాడు. "మీరు అక్కగారిని కొలిచారు, కుర్చీని కొలిచారు. గిన్నె ఎక్కడా రాయలేదండీ."

కాగితం మళ్లీ విప్పి చూశాను. పొయ్యి మూడంగుళాలు, గిన్నె ఎనిమిది. ఇరవై ఏడుకు పదకొండు కలిపితే ముప్పై ఎనిమిది. ఒకటో తరగతి పిల్లలు వేసే కూడిక. వండే మనిషి చెయ్యి తిరిగేది గిన్నె అంచు పైనని నాకు తట్టనే లేదు. వండనిదాన్ని కదా.

ఆయన ఒక ఇటుక తీశాడు. మళ్లీ తిప్పమన్నాడు. మళ్లీ తీశాడు. మధ్యలో ఆగి అడిగాడు. "ఈ గరిటేనాండీ మీరు రోజూ వాడేది?"

అక్క గరిటె తిప్పడం ఆపింది.

"గరిటె పొడుగు మారితే చెయ్యి మారుద్దమ్మా. మీది తెప్పించండి."

అక్క నావైపు చూసింది. నేను మేకు వైపు చూశాను. "బ్యాగులో ఉంది," అంది అక్క చిన్నగా.

నీలం బ్యాగు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. తనే జిప్పు తీసి, చీరల మడతల్లోంచి గరిటె బయటికి లాగి, కొంగుతో తుడిచింది. అప్పుడిక ఆవిడ మాట తీరే మారిపోయింది. "దించు. ఇంకొంచెం. ఊఁ, మరీ అంత కాదయ్యా, ఒడిలో పెట్టుకుని వండుతానా? ఆ టైలు ముక్కలు తీసెయ్. ఆగు! ఇది. ఇది బాగుంది."

ఆరు ఇటుకలు, పైన చెక్క. కొలిచాను. ఇరవై అంగుళాలు.

కానీ ఇరవై అంగుళాల రాయి కిందికి ఇరవై మూడు అంగుళాల మోకాళ్లు పోవు. ఆ మాట నేనే అన్నాను. సాయిబు గారికి అది ముందే తెలుసు. "రెండు మెట్లు చేద్దామండీ. ఇరవై ఏడు ఎత్తున మూడడుగులు, దాని కిందికి మోకాళ్లు. ఆ పక్కన కుడిచేతి వైపు ఇరవై అంగుళాల పొడుగు ముక్క పల్లంలో, ఎత్తు కూడా ఇరవయ్యే, దాని మీద పొయ్యి. ముక్కలు తరిగేది ఇక్కడ, వండేది అక్కడ." మూడడుగులకు ఇరవై అంగుళాలు కలిపితే యాభై ఆరు. మొత్తం గట్టు నూట పన్నెండు. సరిగ్గా సగం నిలబడేవాళ్లకు, సగం కూర్చునేవాళ్లకు.

ఆయన వెళ్లాక అక్క మళ్లీ మొదలెట్టింది. "నేను పోయాక ఈ పల్లం ఎవరిక్కావాలే? మంచి రాయి పాడుచేసుకుంటున్నావ్."

"నాకు డెబ్బై నాలుగు, అక్కా. నీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేది ఎవరనుకున్నావ్?"

"నువ్వు కూర్చుని ఏం చేస్తావ్? నీకు వంటొచ్చా?"

"నేర్పు."

బ్యాగు మాత్రం మళ్లీ మంచం కిందికే వెళ్లింది.

సెప్టెంబరు పదిహేడు, బుధవారం, సాయిబు గారు తన తమ్ముణ్ణి తీసుకుని వచ్చాడు. అలమరలన్నిటికీ పాత చీరలు కట్టాం. ఒకాయన నీళ్లు పోస్తుంటే ఇంకొకాయన మిషనుతో కోశాడు. బురద బురదగా నల్లనీళ్లు కారాయి. కొయ్యడం గంటలోపే అయింది. అసలు భయం ఎత్తడంలో. కింద సిమెంటు పట్టుకుని ఉంది. సాయిబు గారు చెక్కసుత్తితో తడుతూ, చప్పుడు విని, ఎక్కడ వదిలిందో ఎక్కడ వదల్లేదో చూసుకుంటూ ఉలి దింపాడు. ఇద్దరూ పెద్ద ముక్కను లేపుతుంటే ఠక్కుమంది.

"పగిలిందా?" ముందుగదిలోంచి అక్క కేక.

నేను వంగి చూశాను. మూల దగ్గర కందిబద్దంత పెచ్చు లేచింది.

"లేదక్కా!"

"సరిగ్గా చూసి చెప్పు. టేపు పెట్టి చూడవే!"

సాయిబు గారు మీసాల్లో నవ్వుకున్నాడు. మూడు నెలల్లో ఈ ఇంట్లో ఒక వస్తువు గురించి అక్క అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. ముక్కలు రెండూ సాయంత్రానికి వాటి చోట కూర్చున్నాయి. కొత్త రాయి ఒక్క అంగుళం కూడా కొనలేదు. బ్లేడు తిన్న సందుల్లో రాయి అతికే నల్లటి జిగురు నింపి, మూడు రోజులు తడి తగలనివ్వొద్దని చెప్పి వెళ్లారు.

ఇరవయ్యో తేదీ సాయంత్రం గడువు తీరింది. ఇరవై ఒకటి, ఆదివారం, అక్క గోంగూర పప్పు వండింది. మంట కనపడని పొయ్యి ఏం పొయ్యని పది నిమిషాలు తిట్టింది. తర్వాత తిట్టడం మరిచిపోయింది. కుర్చీని అటూ ఇటూ అడుగు మేర తిప్పుకుంటూ, ఇక్కడ వెల్లుల్లి చిదిమి అక్కడ తాలింపు వేసింది. నలభై నిమిషాలు పట్టింది. నన్ను పక్కన నిలబెట్టి, గోంగూర ఎప్పుడు వెయ్యాలో రెండుసార్లు చెప్పింది. నేను రాసుకున్నాను.

వంట అయ్యాక గరిటె కడిగి చేత్తో పట్టుకుంది. "ఇదెక్కడ పెట్టనే? ఆ మేకు నాకందదు."

టేపు కోసం లేవబోయి ఆగాను. "చెయ్యి చాపక్కా," అన్నాను. చాపింది. ఆవిడ వేళ్లు గోడకు తగిలిన చోట పెన్సిలు గుర్తు పెట్టి అక్కడే మేకు కొట్టాను. ఎత్తు ఎంతో తర్వాత కొలిచి రాసుకున్నాను, నలభై మూడు.

దసరా వెళ్లాక, అక్టోబరు ఐదు, ఆదివారం, అక్క తమ్ముడు పామర్రు నుంచి కారు తీసుకుని వచ్చాడు. అక్క చేతి పప్పు రెండోసారి వడ్డించుకున్నాడు. మూడున్నరకు ఒక్కడే వెళ్లాడు.