లిమిట్ దాకా వాడిన కార్డు

మా ఆయన వాళ్లక్కకి ట్రాలీ ఆటో కొనాలన్న ఆలోచన మొదట నాదే. రెండు వేల ఏడో ఎనిమిదో, సంవత్సరం సరిగ్గా గుర్తులేదు. అప్పటికి మేం పటమటలో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నాం. నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా ఆయన ఎవరిదో వ్యాను జీతానికి తోలేవారు. వదిన సముద్రం పక్క ఊళ్లో ఉండేది. భర్త పోయాక చేపల వ్యాపారం తనే అందుకుంది. తెల్లారగానే రేవులో చేపలు కొని, ఐసు వేసిన బుట్టలతో బస్సెక్కి, చల్లపల్లి మీదుగా బెజవాడ వచ్చేది.

నీళ్లు కారుతున్నాయని, వాసనని, కండక్టర్లు దింపేసిన రోజులు చాలా ఉన్నాయి. అలా ఒక వేసవిలో దారిలో దింపేస్తే, ఇంకో బస్సు దొరికేలోగా ఐసంతా కరిగిపోయి చేపలు పాడైపోయాయి. అన్నీ కాలవలో పారబోసి ఖాళీ బుట్టలతో మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. చూడలేక, "మనమే ఓ బండి కొందాం వదినా. మీ తమ్ముడు తోలతారు" అన్నాను.

అనడమైతే అన్నాను గానీ, లోను నా పేరు మీదే తియ్యాలి. జీతం చీటీ ఉన్నది నాకొక్కదానికే. నా పేరు చూస్తే అంతకుముందే చెడి ఉంది.

బ్యాంకులు క్రెడిట్ కార్డులు పిలిచి ఇచ్చే రోజుల్లో నేనూ ఒకటి తీసుకున్నాను. మా ఆయనకి యాక్సిడెంటై కాలు విరిగి ఇంట్లో పడున్న ఏడాది మందులూ బియ్యమూ అన్నీ దాని మీదే. ఆ తర్వాత వడ్డీ మీద వడ్డీ పడి కట్టలేకపోయాం. వసూలు చేసేవాళ్లు ల్యాబ్‌కి ఫోన్ చేసి నా పేరు అడుగుతుంటే, ఎదురుగా చెయ్యి చాపి కూర్చున్న పేషెంటుని ఆపి, సూది పక్కన పెట్టి వెళ్లి మాట్లాడాల్సొచ్చేది. చివరికి నా గాజులు అమ్మి, అంతా కాదుగానీ కొంత కట్టి, మిగతాది బ్యాంకు వదిలేసేలా సెటిల్‌మెంట్ చేసుకున్నాం. పీడ వదిలిందనుకున్నాం. తర్వాత ఎక్కడ లోను అడిగినా ఆ సెటిల్‌మెంటే ముందు కనబడేది.

అందుకే వేరే బ్యాంకులో ఇరవై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద ఇచ్చే చిన్న కార్డు తీసుకున్నాను. దాని లిమిటూ దాదాపు అంతే. సరిగ్గా వాడుకుని సరిగ్గా కడితే పేరు బాగుపడుతుందని చెప్పారు. ఎంత ఎక్కువ వాడి కడితే అంత నమ్మకం అని నాకు అర్థమైంది. సరుకులు, మా పాప బట్టలు, మందులు, ఏది కొన్నా కార్డు గీకేదాన్ని. నెలాఖరుకి లిమిట్ అంచుకి చేరేది. బిల్లు రాగానే జీతం డబ్బులు తీసి మొత్తం కట్టేసేదాన్ని. ఒక్క నెల కూడా తప్పలేదు.

అంత ధీమాతో బండి లోనుకి పెట్టాను. కాదన్నారు. వెంటనే ఇంకో చోట పెట్టాను. అక్కడా కాదన్నారు. కారణం ఎవరూ చెప్పలేదు. మూడో చోట లోన్లు చూసే అమ్మాయి మాత్రం నన్ను కూర్చోబెట్టి, నా అప్పుల వివరాలన్నీ ఉండే క్రెడిట్ రిపోర్టు తీసి చూసింది.

"పాత సెటిల్‌మెంట్ కొన్నేళ్లు కనబడుతూనే ఉంటుంది మేడమ్, దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. కానీ ఈ కొత్త కార్డేంటి, ప్రతి నెలా లిమిట్ దాకా వాడేస్తున్నారు?"

"పైసా బాకీ లేకుండా కడుతున్నానండీ!"

"కడుతున్నారు, నేను కాదనట్లేదు. కానీ బిల్లు తయారయ్యే రోజున కార్డు మీద ఎంతుందో, రిపోర్టులోకి వెళ్లేది అదే. మీరు కట్టేది ఆ తర్వాత కదా. చూసేవాళ్లకి ఎలా ఉంటుందంటే, ఈవిడకి కార్డు లేనిదే నెల గడవట్లేదు, ఇంక మన వాయిదా ఏం కడుతుందిలే అనిపిస్తుంది."

మంచి పేరు కోసమని చేసిందే నన్ను ఇరుకున పెట్టింది.

"లిమిట్‌లో మూడోవంతు దాటనివ్వకండి. తప్పనిసరై ఎక్కువ వాడితే, బిల్లు పడకముందే కట్టెయ్యండి. ఇంకెక్కడా అప్లికేషన్ పెట్టకండి, అడిగిన ప్రతిసారీ అది కూడా రిపోర్టులో ఎక్కుతుంది. కొన్ని నెలలు ఇలా ఉండి మళ్లీ రండి" అంది.

ఆ కొన్ని నెలలూ నాకు కంటిమీద కునుకు లేదు. కార్డు గీకాలంటే భయం. అసలు వాడకపోతే పేరెలా బాగుపడుతుందని ఇంకో భయం. చిన్నచిన్నవి కొని ఊరుకునేదాన్ని. పచారీ కొట్టు దగ్గర కూడా లోపల లెక్కలే. మా ఆయన విసుక్కునేవారు. "ఆ కార్డు కాదు గానీ, ఇంట్లో నీ మొహం చూడలేకపోతున్నాం" అనేవారు.

ఇంకొక్క బిల్లు తక్కువగా పడితే మళ్లీ వెళ్దామనుకుంటున్న సమయంలో వదిన బస్సు దిగుతూ జారి పడింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో ముందు అడ్వాన్సు కట్టమన్నారు. నెలాఖరు రోజులు, మా ఇద్దరి దగ్గరా నోట్లు లేవు. ఉన్నది కార్డే. బిల్లు పడే తారీఖు ఆ వారంలోనే. కౌంటరు దగ్గర కార్డు చేత్తో పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. బెంచీ మీద నుంచి వదిన చూసేసింది.

"వద్దమ్మాయ్. నాటు కట్టు కట్టించుకుంటాలే. బండి పోద్ది" అంది.

"బండి పోతే పోనీ, నువ్వు ఊరుకో వదినా!" అని గట్టిగా అరిచి కార్డు ఇచ్చేశాను. కౌంటర్లో అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. మిషన్లోంచి వచ్చిన చీటీ మీద సంతకం పెట్టాను.

మర్నాడు కట్టు చేత్తోనే, బిల్లు పడేలోగా కార్డుకి కట్టే డబ్బు కోసం వదిన మెస్సుకి బయల్దేరింది. పటమటలో ఏళ్ల తరబడి తన దగ్గరే చేపలు కొంటున్న మెస్సు ఆవిడ దగ్గరికి. నేనూ వెంట వెళ్లాను. వదిన దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఆవిడ విని, గరిటె కింద పెట్టి, "చెయ్యి బాగయ్యాక చేపలు పంపి తీర్చుకుందువుగాని" అని గల్లాపెట్టెలోంచి డబ్బు తీసి వదిన ఒళ్లో పెట్టింది. కొంత తగ్గింది. అది మా ఆయన తన ఓనరు దగ్గర జీతంలో ముందుగా అడిగి తెచ్చారు.

చెక్కు వేస్తే సమయానికి మారదేమోనని నోట్లే పట్టుకుని బ్యాంకుకి వెళ్లాను. క్యాషియర్ రసీదు మీద ముద్ర వేస్తే, "ఇవాళే ఎక్కుతుందాండీ?" అని అడిగాను. "రేపు ఎక్కొచ్చు, చెప్పలేం" అన్నాడాయన. బిల్లు తారీఖు ఎల్లుండి. ఆ రెండు రోజులు ల్యాబ్‌లో ఒకరి రిపోర్టు ఇంకొకరికి ఇచ్చేస్తానేమోనని ప్రతి పేరూ రెండేసిసార్లు చదివాను.

బిల్లు వచ్చింది. బాకీ కొన్ని వందలే ఉంది. కవరు పట్టుకుని వంటింట్లోనే కింద కూర్చుండిపోయాను.

వదిన కట్టు విప్పాక మళ్లీ ఆ లోన్లు చూసే అమ్మాయి దగ్గరికే వెళ్లి కాగితాలిచ్చాను. మంజూరైంది. అడిగినంత కాదు, వడ్డీ కూడా మామూలు కంటే ఎక్కువే. "పాతది ఇంకా కనబడుతోంది మేడమ్, ఇంతకంటే కుదరలేదు" అంది. తగ్గిన సొమ్ముకి వదిన తన చెవి దిద్దులు తాకట్టు పెట్టింది. నేను వద్దన్నా వినలేదు.

బండి వచ్చిన మొదటి ఉదయం మా ఆయన పక్కన కూర్చుని వదిన పటమట వచ్చింది. వెనకాల ట్రేల నిండా ఐసు, చేపలు. దిగగానే, "తమ్ముడు మరీ పరిగెత్తిస్తున్నాడు, నువ్వు చెప్పు" అని నాకు ఫిర్యాదు చేసింది. ఆ రోజు మెస్సు ఆవిడకి మొదటి విడత తీర్చాం.

తర్వాత ఏడాదికి కార్డు బ్యాంకువాళ్లే ఫోన్ చేసి లిమిట్ పెంచుతామన్నారు. మా ఆయన వద్దే వద్దన్నారు. ఎప్పుడూ వాడినంతే వాడితే, లిమిట్ పెరిగాక అందులో మేం వాడే వంతు తగ్గి కనబడుతుంది కదా అని నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక కూడా వారం రోజులు మనసు కుదుటపడలేదు.