పూత దిగని జొన్నచేను

మా మరిది గున్నయ్య పరమపదించాడన్న కబురు వచ్చినప్పుడు నేను జీడితోటలో రాలిన ఆకు ఊడుస్తున్నాను. చీపురు చేతిలోనే ఉండిపోయింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఉద్దానంలో ఎందరినో పొట్టనపెట్టుకున్న కిడ్నీ జబ్బే అతన్నీ తీసుకుపోయింది. ఊరి పశువులన్నిటికీ వేసవి మేత ఆలోచించిన మనిషి, తన కాళ్లు వాచిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

గున్నయ్య ఉద్యోగి కాదు, పండితుడూ కాదు. టెక్కలిలో రైతులకు పెట్టిన తరగతులకు బస్సెక్కి వెళ్లి, నేర్చుకున్నది ఊరూరా ఉచితంగా చెప్పిన పరోపకారి. వరి కోసిన మళ్లు బీడు పెట్టవద్దని, మాఘంలో చెమ్మ ఆరకముందే మేతకు జొన్న, అలసంద కలిపి చల్లమని ప్రాధేయపడేవాడు. జనం నవ్వేవారు.

"గడ్డికి కూడా యవసాయమేటి మావా? రేపు దూడలకి బడి ఎడతావేటి?"

"ఎడతాను. ముందు నువ్వొచ్చి కూకో," అనేవాడు.

నేనూ తక్కువదాన్ని కాను. ఒక ఏడు ఒత్తుగా మొలిచిన జొన్నను పీకి పలుచన చేస్తున్నాను. మోకాలెత్తు మొక్కలు, ఎండకు వాడి ఉన్నాయి. గట్టు మీద నుంచి అరిచాడు.

"వదినా, అది ఆవుకి ఎయ్యకు! పూత దిగేదాకా లేత జొన్నలో ఇసముంటాది."

"పచ్చటి మేత పారేత్తారేటి?" అని వేసేశాను.

గంట తిరక్కుండా ఆవు నురగలు కక్కి కూలింది. పశువుల డాక్టరు కోసం అతనే సైకిలెక్కాడు. వాళ్లు వచ్చేసరికి ప్రాణం పోయింది. అతను ఆవు మెడ మీద చెయ్యి వేసి, "నాను ఇంకా గట్టిగా సెప్పాల్సింది, వదినా," అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మాట నేటికీ నన్ను దహిస్తోంది.

దహనమైన మూడోనాడు పరామర్శకు వచ్చిన మా వీధి దాలయ్య, "మావే పోయాడు, ఆ జొన్నసేను ఇంకెవులికి? మా గొడ్లని తోలేత్తాను," అన్నాడు. గున్నయ్య తన మడిలో చల్లిన ఆ చేను ఇంకా మోకాలెత్తే. నీళ్లు పెట్టే దిక్కులేక వాడిపోయి ఉంది. గున్నయ్య ఇతనికి ఆ హెచ్చరిక చెప్పని వేసవి లేదు! మైల అని కూడా చూడకుండా కర్ర తీసుకుని గట్టెక్కాను.

"ఒక్క గొడ్డు దిగిందంటే నీ కాలిరిసేత్తాను."

"అత్తా, ఈ వయసులో ఏటీ కోపం?"

"ఆడి మాట నీ సెవికెక్కలేదు. నా కర్ర ఎక్కుతాదేమో సూద్దాం, రా."

గొడ్లను మళ్లించుకుపోయాడు.

అటువంటి నిస్వార్థజీవి మళ్లీ ఈ నేల మీద పుట్టడు. దండలు, ఫొటోలు నాకు దండగ. ఆ చేనుకు నీళ్లు నేను పెడతాను. పూత దిగాక ఇంటికో మోపు కోసి ఇస్తాను. అదే గున్నయ్యకు నా నమస్కారం. అంతవరకు మీ పశువులను కట్టేసుకోండి. గట్టు మీద నేనుంటాను.