తెనాలి ఫొటోలో రాజుగారు

విజయవాడలో పొద్దున్నే పాసింజరు ఎక్కేసరికి నా భుజాన లాప్‌టాప్ సంచి, ఒళ్లో దుప్పటిలో చుట్టిన స్కానరు. ఎదురుగా పూలబుట్టతో కూర్చున్నావిడ "పసిబిడ్డా అమ్మా?" అని అడిగింది. ఫొటోలు తీసుకునే మిషనని చెప్పాను. "అయితే జాగ్రత్తగానే పట్టుకో" అంది.

మాది చిన్న సంస్థ. కోస్తా జిల్లాల ఇళ్లలో మూలపడిన పాత ఫొటోలు, కరపత్రాలు స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచుతాం. ఫొటోలో మనిషి బతికుంటే వారి అనుమతి తప్పనిసరి. అప్పటికి బ్రాడ్‌బ్యాండ్ కొత్త. మా వెబ్‌సైట్ అంటే ఏంటో చెప్పడానికే సగం రోజు పట్టేది.

ఎనిమిదింటికి తెనాలిలో దిగి, స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని, సుబ్బారావుగారి స్టూడియోకి వెళ్లాను. నాటక సమాజాల వాళ్లు ఫొటోల కోసం సుబ్బారావుగారి నాన్నగారి దగ్గరికే వచ్చేవారట. అట్టపెట్టెల నిండా ఆ ఫొటోలే. మధ్యాహ్నం దాకా స్కాన్ చేశాం. వాటిలో ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కిరీటం, మెలితిరిగిన మీసం, కత్తి పిడి మీద చెయ్యి. ఆ కళ్లు మనల్నే నిలదీస్తున్నట్టున్నాయి. వెనక 'రేపల్లె సమాజం' అని మాత్రం రాసుంది.

"ఈ రాజుగారెవరో మా నాన్నకే తెలియాలండి. ఆయనేమో లేరు" అన్నారు సుబ్బారావుగారు.

నాటకాల పేజీకి మొదటి బొమ్మగా అదే ఉండాలని నాకు ఆశ పుట్టింది. పేరు తెలియకుండా పెట్టలేను. సాయంత్రం రేపల్లె పాసింజరు ఎక్కాను. ఈ దారిలో వెళ్లేవారు కిటికీ పక్కన చోటు దొరికించుకోండి. వేమూరు దాటాక రెండువైపులా వరిచేలు, పంట కాలవలు. పక్కన కూర్చున్న రైతు ఒకాయన నా లాప్‌టాప్‌లో ఫొటో చూసి, "మగాడంటే అలా ఉండాలండి. ఈ రోజుల్లో ఎవరికుందండీ ఆ మీసం?" అని భట్టిప్రోలులో దిగిపోయారు.

రేపల్లెలో వెంకటేశ్వర్లుగారని పాతకాలపు హార్మోనిస్టు ఉన్నారని సుబ్బారావుగారు చెప్పారు. లాడ్జిలో సామాను పెట్టి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఫొటో చూసి నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఆ మీసం నేనే అంటించానమ్మా. అది మా అనసూయ."

రాజు వేషం కట్టాల్సిన ఆయనకి ఓసారి నాటకం రోజునే గొంతు పూర్తిగా పోయిందట. రిహార్సల్స్ చూడ్డానికి వచ్చే పక్కింటి అమ్మాయికి పద్యాలన్నీ కంఠతా వచ్చు. ఆమెకే కిరీటం పెట్టారు. "ఆ తర్వాత మూడేళ్లు మా రాజు ఆ పిల్లేనమ్మా. పెళ్లయి బాపట్ల వెళ్లిపోయింది. పోయినేడు ఓ పెళ్లిలో కనపడింది" అని ఇంటి గుర్తులు చెప్పారు.

మర్నాడు టిఫిన్ కాగానే చెరుకుపల్లి మీదుగా వెళ్లే బాపట్ల బస్సు ఎక్కాను. దారంతా కుదుపులే. స్కానర్ని మళ్లీ ఒళ్లోకి తీసుకోవాల్సి వచ్చింది. పది దాటాక ఇల్లు పట్టుకున్నాను. వరండాలో పేపరు చదువుతున్నాయన అనసూయమ్మగారి కొడుకు, రిటైరైన టీచరు.

"మా అమ్మ నాటకాలేంటండి? మీరు ఇల్లు పొరబడ్డారు" అన్నారు.

లాప్‌టాప్ తెరిచి ఫొటో చూపించి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి అనుమతి కోసం వచ్చానని చెప్పాను. ఆయన పేపరు పక్కన పెట్టారు. ఇంతలో అనసూయమ్మగారే తడిచేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు.

"తీశారని తెలుసుగానీ, నేనీ ఫొటో చూడనే లేదమ్మా. తీసిన నెలకే పెళ్లయింది."

"ఈ వయసులో ఊరందరికీ ఎందుకమ్మా ఇది?" అన్నారు కొడుకు మెల్లగా.

"ఇష్టం లేకపోతే పెట్టమండి" అని మూత మూయబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండమ్మా. ఒరేయ్, మీ నాన్న నన్ను మొదట చూసింది ఈ వేషంలోనేరా. చేసుకుంటే ఈ రాజుగారినే చేసుకుంటానని ఇంట్లో భీష్మించుకున్నారంట. పెళ్లయ్యాక నాటకాల ఊసెత్తనని మీ నాయనమ్మ నా చేత ఒట్టేయించుకుంది. ఆవిడా పోయింది, మీ నాన్నా పోయారు. ఇంకెవరి కోసంరా ఆ ఒట్టు?"

ఆయన లోపలికెళ్లి స్కూటర్ తాళం తెచ్చి, వాళ్లమ్మతో "నెట్ సెంటర్ దగ్గర్లోనే ఉంది, పదమ్మా" అన్నారు.

నేను రిక్షాలో వెనకే వెళ్లాను. ఫొటో ఎక్కించి పేజీ తెరిస్తే, బొమ్మ పైనుంచి కొంచెం కొంచెంగా రావడం మొదలైంది. ముందు కిరీటం, ఆ తర్వాత కనుబొమలు, చాలాసేపటికి మీసం.

"తెర తియ్యడానికి ఇంతసేపైతే మా రోజుల్లో ఈలలేసేవాళ్లమ్మా" అన్నారావిడ.

పక్క కంప్యూటర్ల దగ్గర కూర్చున్నవాళ్లంతా లేచొచ్చారు. ఎవరో పద్యం పాడమన్నారు. ఆవిడ పమిట సర్దుకుని, కుర్చీలోంచి లేచి ఎత్తుకున్నారు. గొంతు మొదట వణికింది. రెండో పాదానికి నిలబడింది. కొడుకు కుర్చీ వీపు మీద తాళం వేస్తున్నారు. ఆ సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు.

సాయంత్రం విజయవాడ రైల్లో కూర్చున్నాక ఒళ్లు నొప్పులన్నీ ఒక్కసారి తెలిశాయి. అయినా ఆ రెండు రోజుల్లో నేను వెతికినవేవీ దొరక్కుండా పోలేదు. ఇలాంటి పని మీద వెళ్లేవారు తిరుగు టిక్కెట్టు ముందే కొనుక్కోకండి. ఒక్క ఫొటో బయటికి తీస్తే ఇంటిల్లిపాదీ మనల్ని కూర్చోబెడతారు. నిడుబ్రోలు దాటుతుండగా ఫోన్ మోగింది. అనసూయమ్మగారి కొడుకు.

"ఫొటో కింద రేపల్లెతో పాటు బాపట్ల అని కూడా రాస్తారాండి?"

రాస్తానన్నాను. ఆయన గొంతు వెనక బోలెడు సందడి.

"వీధి వీధంతా మా వరండాలోనే ఉందండి. అమ్మ ఇంకో పద్యం ఎత్తుకుంది. ఉంటానండి" అని పెట్టేశారు.