పురుగుల ఇంట్లో నూటికి రెండు

నా చెల్లెల్ని పురుగుల ఇంటి గుమ్మం తొక్కనివ్వడం లేదని దాని మొగుడు వచ్చి చెప్పినప్పుడు నేను బంగారు గని స్టోరులో ఫినాయిలు డబ్బాలు లెక్కబెడుతున్నాను. గని సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. చెల్లెల్ని ఇచ్చిన ఊరు బంగారుపేట అవతల. అక్కడ పట్టుపురుగులు పెంచుతారు.

పురుగులు పొర విడవడాన్ని వాళ్లు జ్వరం అంటారు. ఆ పంటలో నాలుగో జ్వరం లేచాక పురుగులు మెత్తబడి, నల్లబడి తట్టల్లోనే కుళ్లిపోయాయి. చెల్లెలు ముట్టులో ఉండి ఆకు వేయడానికి లోపలికి పోయిందట. అందుకే చచ్చాయని అత్త తేల్చేసింది.

నాకు ఒళ్లు మండింది. రోగం కిందటి పంట నుంచి గోడలనూ తట్టలనూ పట్టుకుని ఉంటుంది. దాన్ని చంపాల్సింది మందు. మందు కొట్టింది మొగుడు. తప్పు మాత్రం ఆడమనిషి ఒంటిది.

ఆదివారం మారికుప్పం రైలుబండెక్కి పోయాను.

"ఏం మందు కొట్టినావప్పా?" అని అతన్ని అడిగాను.

"ఫార్మలినే. నూరు లీటర్లకు రెండు లీటర్లు. నువ్వు చెప్పిన లెక్కే గదా."

డబ్బా తెప్పించి చూశాను. దాని మీద ముప్పై ఆరు శాతం అని ఉంది. అంటే డబ్బాలో ఉన్నదే నూటికి ముప్పై ఆరు పాళ్లు. లీటరు మందుకు పదిహేడు లీటర్ల నీళ్లు పోస్తేనే కావలసిన నూటికి రెండు పాళ్లు నిలుస్తుంది. అతను కొట్టింది ఒక పాలు కూడా లేదు. స్టోరులో డబ్బాలో ఉన్నదంతా మందేనని కొలిచే అలవాటు నాది. పైగా ఫార్మలిన్ ఆవిరై పనిచేసే మందు, గదిని ఒక పగలూ రాత్రీ గాలి ఆడకుండా మూయాలి. వాళ్లది పెంకుటిల్లు, ప్రతి సందులోనూ ఆకాశం కనిపిస్తుంది. అది అడగకుండానే లెక్క చెప్పిన పెద్దమనిషిని నేను.

"అత్తమ్మా, తప్పు నాది. లెక్క తప్పు చెప్పినాను."

"చెల్లెలు గాబట్టి నెత్తినేసుకుంటావు," అంది ఆమె. "లెక్క చూసుకోని రోగం వస్తాదా నాయనా?"

"ఫినాయిలు కొడితే పోలా? ఆ వాసనకే అన్నీ చస్తాయి," అన్నాడు చెల్లెలి మొగుడు.

"చస్తాయి. నీ పట్టుపురుగులు గూడా."

ఆ ఇంటికి సరిపడేది బ్లీచింగ్ పౌడరే. తడిసిన చోటల్లా చంపుతుంది, సందులున్నా ఫరవాలేదు. విప్పిన మూటలోది మాత్రం సత్తువ పోయి ఉత్త సున్నమవుతుంది. సీలు విప్పని మూట తెప్పించి, నూరు లీటర్లకు రెండు కిలోల పొడి, మూడు వందల గ్రాముల సున్నం కలిపాం. గోడలు అరగంట తడి ఆరకుండా కొట్టాం. ముందు మురికి కడగకపోతే మందు సత్తువంతా మురికికే సరిపోతుంది. అందుకని తట్టలన్నీ పెరట్లో తోమించాం. తోమింది చెల్లెలు. దానికి మైల అడ్డం రాలేదు.

పంట బాగా వచ్చింది. పట్టుగూళ్లు ఏరే రోజు నేనూ పోయాను. చుట్టుపక్కల ఆడవాళ్లంతా కూర్చుని ఉండగా అత్త అంది, "ఈసారి దీన్ని గుమ్మం తొక్కనీలేదు. చూడండి, ఎట్లా ఉండాదో పంట."

చెల్లెలు గూళ్ల మీద నుంచి తల ఎత్తలేదు. "మూడో జ్వరం లేచిన పొద్దు ఆకేసింది ఎవరత్తా? మీకు మోకాళ్ల నొప్పి. ఆయన తోటలో ఉండాడు. నేనే పోయినాను. ముట్టయిన రెండో దినం."

ఏరే చేతులు ఆగిపోయాయి. అత్త అడిగింది, "చేతులన్నా కడుక్కోని పోయినావా?"

"బ్లీచింగు నీళ్లలో."

తప్పయిందని ఆమె అనలేదు. నేను నా తప్పు అదే ఇంట్లో, ఆమె ముందే ఒప్పుకున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. అయితే ఆ తరవాత పంటకు పొడి తూచింది చెల్లెలే. ముక్కుకు కొంగు కట్టుకుని, లోపలికి పోయి గోడలకు కొట్టిందీ చెల్లెలే. అది ఏ దినమని గుమ్మం దగ్గర ఎవరూ అడగలేదు.