సువార్త చూపించిన సూదితూనీగ

నిన్న మా అమ్మాయితో ఊరి కుంట దగ్గర సూదితూనీగలు వెతికాను. జమ్ము ఆకు మీద సన్నగా, నీలం తోకతో ఒకటి కనపడింది.

"మామూలు తూనీగ కాదని ఎలా తెలుస్తుంది నాన్నా?"

"వాలినప్పుడు చూడమ్మా. తూనీగైతే రెక్కలు పరుచుకునే ఉంటది. ఇది వీపు మీదికి ముడుచుకుంటది."

ఆ మాట నాది కాదు. మన బడిలో చివరి వరసలో కూర్చునే సువార్త గుర్తుందా? మిరపకోతలప్పుడు వాళ్లమ్మతో మా చేలోకి వచ్చేది. కాయలు కోసి కోసి చేతులు మండితే ఈ కుంట నీళ్లలోనే ముంచుకుని కూర్చునేది. అలా కూర్చున్నప్పుడే నాకు ఆ తేడా చూపించింది.

తర్వాత క్లాసులో మాస్టారు అదే అడిగితే నేను టక్కున చెప్పాను.

"ఎవరు చెప్పార్రా నీకు?"

"నేనే కనిపెట్టానండి."

మాస్టారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు. సువార్త కూడా కొట్టింది, ఆ మండే చేతులతోనే.

నిన్న మా అమ్మాయి కూడా, "నీకెవరు చెప్పారు నాన్నా?" అని అడిగింది. ఇంత వయసొచ్చాక కూడా, "నేనే కనిపెట్టానమ్మా," అన్నాను. అది తన బడి నోట్సులో ఆ తేడా రాసుకుని, కనిపెట్టింది నేనేనని పక్కన నా పేరు రాసుకుంది.

మన బడిలో కలిసి చదివినవాళ్లు కాబట్టి మీకైతే ఇలా రాసేశాను. మా అమ్మాయికి చెప్పడానికి మాత్రం ఇంకా నోరు రావడం లేదు.