ఏటి దారిలో చివరి గుర్తు

మా ఫ్రెంచి సారు పోయారని ఆయన కోడలు ఫోను చేసినప్పుడు నేను ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తున్నాను. "అక్కా, మామయ్య పొద్దున్నే పోయినారక్కా" అని పెట్టేసింది. నాకు ముందు ఏడుపు రాలేదు. ముందు మనసులోకి వచ్చింది, ఈ ఆదివారం కూడా నేను పోలేదే అని. ఎక్కడికి పోలేదో, ఎందుకు పోవాల్సి ఉండిందో చెప్పుకోకుండా సారు గురించి రాయడం నాకు చేతకాదు.

తిరుపతిలో ఫ్రెంచి ఎవరికి కావాలి చెప్పండి? తొంభైల్లో మా కాలేజీలో మేము ఆ భాష తీసుకున్నది మార్కులు బాగా పడతాయని. ఆ సంగతి సారుకీ తెలుసు. మొదటి రోజే, "మార్కులు వస్తాయి లేండి, దానికి దిగులు పడొద్దు. ఆదివారం పొద్దున బస్టాండు కాడికి రాండి, గట్టి చెప్పులు ఏసుకోని" అన్నారు. మేము సినిమాకేమో అనుకున్నాం.

ఆయన ఒక ఎండాకాలం మాస్టర్ల శిక్షణకని ఫ్రాన్సు వెళ్లి వచ్చారు. ఈఫిల్ టవర్ గురించి అడిగితే విసుక్కునేవారు. ఆయనకు గుర్తున్నదంతా లువార్ నది వెంట సెలవు రోజుల్లో నడిచిన నడక. కొండా గుట్టా లేని చదును నేల. ఏటి గట్టు మీద కాలిబాట. పొద్దున దూరంగా ఒక చర్చి గోపురం కనిపిస్తే దాన్నే చూసుకుంటూ నడవడం, మధ్యాహ్నానికి ఆ ఊరు చేరడం. వందల ఏళ్ల నాటి రాతి ఇళ్లు, ఆ గుమ్మాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న ముసలమ్మలు తల ఎత్తి "బోఁజూర్" అనడం. నడిచేవాళ్లు దారి తప్పకుండా చెట్లకూ రాళ్లకూ తెల్ల గీత ఒకటి, దాని కింద ఎర్ర గీత ఒకటి వేసి ఉంటారట. "ఆ రెండు గీతలు కనపడితే చాలు, భాష రానోడికి కూడా ధైర్యం వస్తాది" అనేవారు.

"మనకు మాత్రం ఏరు లేదా?" అని మమ్మల్ని స్వర్ణముఖి వెంట బయలుదేరదీశారు. తిరుచానూరు దాటి ఏటి గట్టు పట్టుకుని, ఒక ఆదివారం యోగిమల్లవరం, ఇంకో ఆదివారం గుడిమల్లం, పాపానాయుడుపేట. అట్లా ముక్కలు ముక్కలుగా కాళహస్తి దాకా. ఏటిలో చుక్క నీరు ఉండేది కాదు. "ఏరు యాడుండాది సార్?" అని మేము ఎగతాళి చేస్తే, "కాళ్ల కింద ఉండాది" అని ఇసకలో చెలమ తీసేవారు. నీళ్లు ఊరి తేటపడేదాకా దాని పక్కనే గొంతుకూర్చుని చూసేవారు. ఆ ఓపిక ఆయన క్లాసులో ఎవరికీ రాలేదు, నాకు అసలే రాలేదు.

మా పక్క నడక అంటే అలిపిరి నుంచి తిరుమల కొండ ఎక్కడమే. మొక్కు లేకుండా ఊరికే నడిచేవాళ్లను ఎవరూ చూసి ఉండరు. ఏ ఊరికి పోయినా అదే ప్రశ్న.

"ఏం మొక్కు సామీ, ఇంతమంది పిల్లోళ్లను పిల్చకపోతాండారు?"

"మొక్కేం లేదప్పా. మీ ఊరు సూసిపోదామని వచ్చినాం."

వాళ్లు నమ్మేవారు కాదు. బయటికి చెప్పుకోరాని మొక్కేదో అనుకుని, దండం పెట్టి మరీ మజ్జిగ ఇచ్చేవారు. లేని మొక్కుకు ఇచ్చిన ఆ మజ్జిగ తాగేటప్పుడు సారు ముఖం చిన్నబోయేది. "కొండ ఎక్కినోడికి తాను ఎక్కింది గుర్తుంటాది, చదునులో నడిచినోడికి ఎదురైనోళ్లు గుర్తుంటారు" అని ఒకసారి అన్నారు. నాకు ఇప్పటికీ ఆ ఊళ్ల మనుషుల ముఖాలు గుర్తున్నాయి, కాబట్టి అది నిజమే.

గీతలు మనమూ వేద్దామన్నది నేను. సారు కొంచెం తటపటాయించారు. "ఎవరినన్నా అడగాల్నేమో" అన్నారు. "రాళ్లను అడుగుతామా సార్?" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. రెండు చిన్న రంగు డబ్బాలు కొని, తాటిచెట్లకూ రాళ్లకూ కల్వర్టు గోడలకూ వేసుకుంటూ పోయాం. చూసినవాళ్లు గుడి గోడల రంగులు అనుకుని మెచ్చుకున్నారు. ఒకచోట దారి మలుపు తిరుగుతుంది, రాయీ లేదు, చెట్టూ లేదు. పొలం అంచున మోటారు షెడ్డు ఉంది. దాని తలుపు పక్కన నేనే వేశాను, పైన తెలుపు, కింద ఎరుపు. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మరుసటి ఏడు అదే దారిలో పోతుంటే చుట్టూ పొలాల్లో వేరుశనగ పచ్చగా పరుచుకుని ఉంది. ఆ షెడ్డు ఉన్న పొలం మాత్రం గడ్డి పట్టి ఉంది. గట్టు మీద ఒకామె మేకను కట్టేస్తోంది. భర్త లేడు, ఒంటి చేత్తో సేద్యం చేసుకునే మనిషి అని తరవాత తెలిసింది. సారు అలవాటు కొద్దీ పలకరించారు.

"ఏమ్మా, ఈ తూరి విత్తనం ఏయలేదా?"

"యాడేసేది సారూ? గవర్నమెంటోళ్లు గుర్తేసి పోయినారు సూడండి. ముందు కాలవకని కొంత తీసుకున్నప్పుడు గూడా ఇట్లనే ఎర్రగా ఏసినారు. పోయే భూమిలో చెనక్కాయ ఏసి ఏం జేసేది?"

సారు గట్టు మీద కూలబడ్డారు. "ఆ గుర్తు నేనేసిందమ్మా" అన్నారు. కాదు, నేను వేశానని నేను ముందుకు వచ్చాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎందుకేసినారు?"

"నడిచేవాళ్లకు దారి తెలియాలని."

"యాడికి నడిచేదానికి?"

ఆమె అరవలేదు, తిట్టలేదు. "మీరు ఆడుకునే దానికి గుర్తు కావాల. నాకు ఆ గుర్తు సూసి ఏడాది పొద్దు నిద్ర లేదు" అని మేకను విప్పుకుని వెళ్లిపోయింది. ఇది రాస్తుంటే కూడా నా చెవులు కాలుతున్నాయి.

ఆ తరవాత కొన్ని ఆదివారాలు మేమిద్దరం కిరసనాయిలు, కొబ్బరి పీచు తీసుకుని కాళహస్తి దాకా గుర్తులన్నీ తుడిచాం. మొదట ఆమె షెడ్డుదే. సారు పిల్లలను మళ్లీ నడకకు తీసుకుపోలేదు. ఒక్క దారి మాత్రం వదల్లేదు. ఏటా తొలకరికి ఆమె పొలానికి ఒక్కరే నడిచి వెళ్లేవారు. మీకు తెలిసే ఉంటుంది, విత్తనానికి వేసే వేరుశనగను చేత్తోనే ఒలవాలి, పప్పు బద్దలైతే మొలకెత్తదు. సారు ఆ షెడ్డు మెట్టు మీద కూర్చుని రోజంతా కాయలు ఒలిచి వచ్చేవారు. బొటనవేళ్లు వాచిపోయి వారం దాకా అన్నం కలపలేకపోయేవారు. "ఆయమ్మ మాట్లాడిందా సార్?" అని అడిగితే, "మజ్జిగ ఇచ్చింది" అనేవారు. కొన్నేళ్లకు, "చేట నా ముందర పెట్టి పోయింది" అన్నారు. క్షమించిందా అని ఆమెను అడగలేదు. అడిగే హక్కు లేదనుకున్నారు.

పోయిన దసరా తరవాత ఆయన బాత్‌రూములో జారి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. ఆ ఏటి పక్క ఊళ్లకు పోయే బస్సుకు కండక్టరుగా చేసే పాత విద్యార్థి ఒకడు చూడడానికి వచ్చి, "సార్, మీ గుర్తు ఒకటి ఇంకా ఉండాది, మోటారు షెడ్డుకు" అని చెప్పాడట. పాపం, సంతోషపెడదామనే చెప్పి ఉంటాడు. నేను వెళ్లేసరికి సారు దిండు మీద నుంచి తల ఎత్తి కూర్చోవాలని అవస్థ పడుతున్నారు.

"మనం తుడిస్తిమి గదా తల్లీ? ఎట్ల మిగిలింది? ఏటా పోతాండినా నా కండ్లకు ఆనలేదే. నువ్వు పోయి తుడిచేసి రా. ఆయమ్మ మళ్లా విత్తనం ఏయదేమో."

"ఆదివారం పోతాను సార్" అన్నాను. స్కూటీ మీద గంట దారి కూడా కాదు. కానీ ఒక ఆదివారం పాపకు పరీక్షలు, ఒక ఆదివారం ఎండ, ఒక ఆదివారం ఇంటికి చుట్టాలు. నిజం చెప్పాలంటే ఆమె ముఖం మళ్లీ చూడడానికి నాకు కాళ్లు రాలేదు. సారు ప్రతిసారీ అడిగేవారు. తరవాత తరవాత అడగడం మానేసి, నేను గదిలోకి రాగానే నా చేతుల వైపు చూసేవారు. రంగు అంటిందేమోనని చూశారేమో.

కర్మ అయిన తరవాత ఆదివారం బయలుదేరాను. చనిపోయిన మనిషి మాట నిలబెట్టడానికి ఎండ అడ్డం రాలేదు. అప్పటికి ఒక వాన పడింది. ఆమె పొలం దున్ని ఉంది. షెడ్డుకు గుర్తు ఉన్న మాట నిజమే. కానీ అది మేము వేసిన చోట లేదు. దారి వైపు గోడ మీద, మూర వెడల్పున రెండు గీతలు. పైన సున్నం, కింద కావి. బ్రష్షు కాదు, చేత్తో పూసిన వేళ్ల జాడలు తెలుస్తున్నాయి. నేను కిరసనాయిలు సీసా మూత తీయబోతుండగా వెనక నుంచి కేక.

"ఎవురు పాపా అది? ఏం జేస్తాండావు?"

ఆమె దగ్గరికి వచ్చి నన్ను ఆనవాలు పట్టింది. సారు ఈ గుర్తు తుడవమన్నారని చెప్పాను.

"ఎందుకు తుడిసేది? నేను గదా ఏసింది" అంది. "పోయినేడు ఇసక లారీల బాటలో పడి దారి తప్పి, కంపల్లో కాళ్లు గీరుకోని వచ్చినాడు సారు. కండ్లు ఆనడం లేదు పాపం. అందుకే ఈ తూరికి పెద్దగా ఏసి పెట్టినా. ఆయన గుర్తే గదా, దూరం నుంచే కనపడాల అని. ఏం, సారు ఇంకా రాలేదే? కాయలకు నీళ్లు సల్లి పెట్టినా."

చెప్పాను. ఆమె మెట్టు మీద కూర్చుంది. "మంచాన పడినాడని ఒక మాట సెప్పింటే నేనన్నా వచ్చి సూసిందును గదా" అంది. తరవాత, "ఇది నేనేసినానని ఆయనకు తెలుసునా?" అని అడిగింది.

"తెలియదు" అన్నాను.

ఆమె మెట్టు మీద సగం జాగా వదిలి జరిగింది. తడి కాయల చేట నా ముందుకు తోసింది. కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. సాయంత్రానికి నా బొటనవేళ్లు వాచాయి. నేను తెచ్చిన కిరసనాయిలు సీసా గోడకు ఆనించే ఉంది. దాని పైన తెల్ల గీత, ఎర్ర గీత. సారు వచ్చే దారి వైపు.