కింద పడితే లేవడం

ఆ వీధిలో ఆవిడను అందరూ కత్తెర పిన్ని అనేవారు. బట్టలు కుట్టడం ఆవిడ వృత్తి. నోరు కూడా కత్తెరకు తీసిపోయేది కాదు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళతో పగలంతా వాగినా, సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పాక పలకరించే దిక్కు లేదు. పెళ్ళి చేసుకోలేదు. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు దుకాణం మూసేసి తన దగ్గరికి రమ్మని ఫోనులో అనడం మానలేదు, ఈవిడ వినడం మొదలుపెట్టలేదు.

ఒక ఉదయం స్నానాల గదిలో కాలు జారింది. ఎముకలు విరగలేదు కానీ లేవడం చేతకాలేదు. మధ్యాహ్నం చొక్కా కోసం వచ్చినవాడు కేక విని లేవదీసేదాకా తడి నేల మీదే పడి ఉంది. నొప్పి కంటే ఆవిడను కుంగదీసింది ఒకటే. అంతసేపూ తనను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. వచ్చినవాడు కూడా చొక్కా కోసం వచ్చాడు.

నడవగలిగాక వీధి చివరి జిమ్ముకు వెళ్ళింది. అక్కడి కండల వీరుడు ఎగాదిగా చూసి, పొట్ట తగ్గాలా, నడుము సన్నబడాలా అని అడిగాడు.

"కింద పడితే లేవడం నేర్పుతావా నాయనా?" అంటే నవ్వాడు.

వ్యాయామం నేర్పుతాడని విని ఫోను చేసిన ఇంకొకాయన ఏం తినాలో, ఏం మానాలో ఫోనులోనే వల్లించాడు. చివరికి కోటు వదులు చేయించుకోవడానికి వచ్చిన నర్సు, ఇళ్ళకు వచ్చి వ్యాయామం చేయించే ఒకమ్మాయిని పంపింది. ఆ అమ్మాయి వస్తూనే నేల మీద వెల్లకిలా పడుకుని, పక్కకు దొర్లి, మోకాలు మడిచి, లేచి చూపించింది. అక్కడికక్కడే పని ఖాయమైంది. అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే. దేన్నీ పట్టుకోకుండా లేచిన రోజుతో తన పని అయిపోయినట్టే. ఆ తర్వాత కూడా వస్తే మోసమవుతుంది.

మొదట్లో పిన్ని బల్ల అంచు పట్టుకుని లేవడానికి ఆపసోపాలు పడింది. కాస్త లేస్తే చాలు, అమ్మాయి "సెబాష్ పిన్నిగారూ" అనేది. ఆ మాట కోసం పిన్ని పొద్దుటినుంచీ కాచుకుని కూర్చునేది. అలా ఉండగా కాళ్ళు గట్టిపడ్డాయి. బల్ల పట్టుకోకుండానే లేవగలనని ఆవిడకు తెలిసిపోయింది. అయినా అమ్మాయి ఎదుట బల్ల అంచు పట్టుకుని, అబ్బా అని మూలిగేది. లేవగలిగితే మనిషి రాదు, లేవలేకపోతేనే వస్తుంది. ఇంత వయసొచ్చి ఈ దొంగ మూలుగులేమిటని మీరనవచ్చు. తలుపు తట్టేవాళ్ళు లేని ఇంట్లో నాలుగు రోజులుండి, అప్పుడనండి.

కానీ అలవాటు ఊరుకుంటుందా? ఒకరోజు టీ అందిస్తుంటే మోచేయి తగిలి గుండుసూదుల డబ్బా కింద పడింది. కుట్టుపనివాళ్ళు నేల మీద సూది చూసి ఆగలేరు. పైగా అమ్మాయి వట్టి కాళ్ళతో ఉంది. పిన్ని గబుక్కున నేల మీదికి దిగి, సూదులన్నీ ఏరి, ఒక చేతిలో డబ్బా, రెండో గుప్పిట్లో సూదులతో చటుక్కున లేచి నిలబడింది. నిలబడ్డాక గానీ తను చేసిన పని తెలియలేదు.

"ఎన్నాళ్ళ నుంచి పిన్నిగారూ?" అంది అమ్మాయి.

పిన్ని గుప్పిట్లోని సూదులు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. "నువ్వు రావడం మానేస్తావని..." అని మాత్రం అనగలిగింది.

అమ్మాయి కోప్పడలేదు. ఎప్పుడూ సగం వదిలేసే టీ ఆ రోజు పూర్తిగా తాగింది.

"నిజంగా లేవలేనివాళ్ళు నాకోసం చూస్తున్నారు. ఈ గంట వాళ్ళది పిన్నిగారూ," అంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, మెల్లగా "సెబాష్" అని వెళ్ళిపోయింది.

మర్నాడు అదే వేళకు పిన్ని చాప పరిచింది. పడుకుని, పక్కకు దొర్లి, మోకాలు మడిచి, దేన్నీ పట్టుకోకుండా లేచింది. "సెబాష్" అని తనే పైకి అనుకుంది. తన నోట ఆ మాట బాగాలేదు. మళ్ళీ పడుకుంది. ఈసారి లేవగలిగీ లేవకుండా, తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.